రెండో దెబ్బ నిషేధం

కొత్తరేవు ఓడల కార్ఖానాలో సూరాడ ఎల్లాజీ ఆరేళ్ళబట్టి టెంపరరీ. ఆరేళ్ళు ఒక మనిషి టెంపరరీగా ఎలా ఉంటాడని మీరు అడిగితే, మీరు గవర్నమెంటు కార్ఖానాలో పనిచెయ్యలేదన్నమాట. ఎల్లాజీకి టెంపరరీగానే పెళ్ళయింది, టెంపరరీగానే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, టెంపరరీగానే ఒక దవడ పన్ను ఊడింది. అతన్ని పర్మనెంటు చేసే కాయితం మాత్రం టైపై, నంబరు పడి, పర్సనెల్ ఆఫీసరు త్రివిక్రమంగారి సొరుగులో డైరెక్టరు సంతకం కోసం పడుంది. సాయంత్రం అతను గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే పెళ్ళాం పైడమ్మ అడిగేది ఒకటే: కాయితం ఒచ్చిందేటి? రాలేదంటే ఆ పూట పులుసులో కారం ఎక్కువయ్యేది. ఆరేళ్ళుగా ఎక్కువగానే ఉంది.

ఇది పందొమ్మిది వందల అరవై ఏడు నాటి మాట. పగలు ఎల్లాజీ మోకులు లాగే కలాసీల ముఠాకి పాట అందిస్తాడు. సాయంత్రాలు కార్ఖానా రిక్రియేషన్ క్లబ్బులో గిటారు వాయిస్తాడు. మరమ్మతుకొచ్చిన విదేశీ ఓడలో వంటవాడొకడు ఒక బుట్ట ఎండురొయ్యలు పుచ్చుకుని ఆ గిటారూ, గ్రామఫోను పెట్టే, పది రాక్ అండ్ రోల్ రికార్డులూ ఇచ్చి పోయాడు. ఎల్లాజీకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా మొదటి రికార్డు సగం తిరిగేసరికి అసలు సంగతి పట్టేశాడు: ఇది మన మోకు పాటే. మోకు పాటలో పాడేవాడు ముందు ఒక మాట అందిస్తాడు, ముఠా అంతా ఐలెసా అని వెనక దెబ్బ వేస్తుంది. లాగుడు బలమంతా ఆ వెనక దెబ్బలోనే. ఈ రికార్డుల్లోనూ అంతే. ఒకటి మెత్తగా, రెండు గట్టిగా, మూడు మెత్తగా, నాలుగు గట్టిగా. డ్రమ్ము వాడు ఆ రెండో దెబ్బ దగ్గర చెంప ఛెళ్ళుమన్నట్టు కొడతాడు. వింటున్నవాడు చచ్చినా కదలకుండా కూర్చోలేడు.

పెళ్ళిళ్ళ బ్యాండుమేళంలో క్లారినెట్ ఊదే సుందర్రావునీ, డోలు వాయించే ఇంకొకణ్ణీ, వెనక నిలబడి వంత పాడ్డానికి ముగ్గురు వెల్డర్లనీ కూడేసుకుని ఎల్లాజీ క్లబ్బు వార్షికోత్సవానికి ఒక పాట కట్టాడు. మాటలు రాయడం అతనికి చేతకాదు. అందుకని గోడకి అంటించిన కార్ఖానా వార్షిక నివేదికలో నాలుగో పేజీ తీసుకుని, అక్షరం మార్చకుండా బాణీ వేశాడు. అది జలవిజయ గురించి. జలవిజయ అంటే కార్ఖానా కట్టిన మొదటి బోటు. ఏడేళ్ళలో ఏడుగురు పెద్దమనుషులొచ్చి ఏడు కొబ్బరికాయలు కొట్టి ఏడుసార్లు దాన్ని ప్రారంభించారు. ప్రతిసారీ కలాసీలు దాన్ని నీళ్ళలోకి లాగుతారు, ఫొటో తీస్తారు, పెద్దమనిషి కారెక్కగానే మళ్ళీ గట్టు మీదకి లాగేస్తారు. ఎందుకంటే దానికి ఇంజను లేదు. నాలుగో పేజీలో ఇలా ఉంది:

"జలవిజయ త్వరలో బయలుదేరును. ఇంజను మార్గమధ్యమున ఉన్నది. సిబ్బంది యావన్మందీ సంతోషముగా ఉన్నారు."

అంతే పాట. మూడే వాక్యాలు, గిటారు తీగల మీద వేళ్ళకి మూడే పట్లు. కానీ ఆ వేగం చూడాలి. గుర్రబ్బండి పల్లంలో పడ్డట్టు పోతుంది. "ఇంజను మార్గమధ్యమున" అని ఎల్లాజీ అనగానే వెనక ముగ్గురు వెల్డర్లూ నడుములు తిప్పుతూ "ఉన్నది, ఉన్నది, ఉన్నది" అంటారు. క్లారినెట్ కోడి కూసినట్టు కూస్తుంది. చివరి చరణానికి పాటంతా ఒక మెట్టు పైకి ఎగబాకుతుంది, ఇంజను ఇప్పుడో ఇంకాసేపట్లోనో గేటులోకి వచ్చేస్తుందన్నట్టు. నాలుగు వందలమంది బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. నవ్వి నవ్వి ఒక ఫిట్టరుకి వెక్కిళ్ళు పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ముందు వరసలో కూర్చున్న డైరెక్టరు భుజంగరావుగారు మొదటి చరణం దాకా మురిసిపోయారు. తన వాక్యాలకి బాణీ కట్టారని. రెండో చరణంలో ఆయన వెనక్కి తిరిగి జనం మొహాలు చూశారు. మూడో చరణంలో లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఎల్లాజీకి మెమో అందింది. సదరు పాట వ్యంగ్యముగా ఉన్నట్లు అనుమానింపబడుచున్నది, అట్లు రుజువైనచో సదరు వ్యక్తి పర్మనెంటు ఉత్తర్వు రద్దుపరచబడి సేవలు ముగింపబడును అని. ఆ పూట పులుసు ఎవరూ తినలేకపోయారు. పైడమ్మ అరవలేదు, అది ఇంకా భయం. మెల్లిగా అంది: "ఇంకో పాటే దొరకనేదేటయ్యా నీకు?"

"పాట నాది కాదే. మాటలు డైరెక్టరుబాబువి," అన్నాడు ఎల్లాజీ.

జవాబులోనూ అదే రాయించి ఇచ్చాడు. దాంతో పెద్ద చిక్కొచ్చింది. త్రివిక్రమంగారు నివేదికా, పాటా పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు పోల్చి చూశారు. తేడా లేదు. మాటల్లో వ్యంగ్యం ఉందంటే నివేదికలో ఉన్నట్టే. నివేదికలో ఉందంటే రాసింది డైరెక్టరుగారు. త్రివిక్రమంగారు రెండురోజులు ఆలోచించి ఫైలు మీద ఇలా రాశారు: "మాటలయందు వ్యంగ్యము లేదని నిర్ధారణ అయినది. అయినను జనులు నవ్విరి. కావున వ్యంగ్యము సంగీతమందే ఎచ్చటనో ఉండి తీరవలెను. దానిని కనుగొని తొలగించుటకు కమిటీ వేయవలెను."

కమిటీ వేశారు. సంగీతం సంగతి తెలిసినవాడు ఒకడైనా ఉండాలని ఊళ్ళో పిల్లలకి వయొలిన్ చెప్పుకునే సోమయాజులుగార్ని పిలిచారు. పాపం ఆయన నిజాయితీపరుడు, అదే ఎల్లాజీ కొంప ముంచింది. ఏమీ తెలియనివాడైతే ఏదో ఒకటి చెప్పి టీ తాగి పోయేవాడు. ఈయన పాటని ముక్కలుముక్కలుగా వాయించమన్నారు. ఒట్టి గిటారు విన్నారు, ఒట్టి డోలు విన్నారు, వెల్డర్ల చేత ఒక గంట సేపు "ఉన్నది" అనిపించారు. అన్నీ కలిపి వాయించేసరికి ఆయన బొటనవేలు బల్ల కింద దానంతటదే ఆడింది. త్రివిక్రమంగారు వంగి చూసి, ఆ సంగతి కూడా రాసుకున్నారు.

చివరికి పట్టిక తయారైంది. పాట హుషారులో వ్యంగ్యం నలభై పాళ్ళు, వంత పాటలో ముప్ఫై, చివర మెట్టు ఎక్కడంలో పది, మిగతాది ఎక్కడుందో తేలలేదు. మూడు పట్లతోనే పాటంతా నడపడం సంస్థయొక్క వనరుల కొరతను సూచించుచున్నదా అని డైరెక్టరుగారు మార్జినులో ఒక ప్రశ్న వేశారు. సోమయాజులుగారు అది ఆ సంగీతం స్వభావమనీ, ఎవరినీ సూచించదనీ జవాబు రాశారు. అయినా ఏడు పట్లు వాడాలని ఉత్తర్వు వచ్చింది.

మొదట వేగం నత్తనడకకి తగ్గించమన్నారు. శనివారం క్లబ్బులో, కమిటీ ఎదురుగా, ఎల్లాజీ అలాగే పాడాడు. "త్వరలో" అన్న మాట పూర్తవడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. ఆ ఒకటిన్నర నిమిషంలో వార్షికోత్సవంనాడు నవ్వనివాళ్ళు కూడా నవ్వారు. పై వారం వంత పాట రద్దు చేశారు. వెల్డర్లు ముగ్గురూ మామూలుగానే వచ్చి, మామూలు చోటే నిలబడి, "ఉన్నది" రావలసిన చోట నోళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆ ఖాళీలో జనం తలలూపారు. నాలుగు వందల తలలు, మూడేసి సార్లు, చప్పుడు లేకుండా. నవ్వు అప్పుడు కాదు, అది అయ్యాక వచ్చింది. చివర మెట్టు ఎక్కకూడదన్నారు. పాట ఎక్కకుండా అక్కడే నిలబడిపోతే, గట్టు మీద బోటు కళ్ళకి కట్టినట్టు కనిపించిందన్నారు జనం.

తీసేసిన కొద్దీ వ్యంగ్యం పెరుగుతోందేమిటని డైరెక్టరుగారు బల్ల గుద్దారు. అసలు మూలం పట్టుకోలేదన్నారు. సోమయాజులుగారు చాలాసేపు గొణిగి, ఒక తేడా మాత్రం ఉందన్నారు. మన కచేరీల తాళంలో బరువు మొదటి దెబ్బ మీద ఉంటుంది, ఈ పాటలో రెండో దెబ్బ మీద ఉంది. డైరెక్టరుగారికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పమన్నారు.

"అంటే, పైవాడు ఒక మాట అంటాడండి. అది మెత్తగా పోతుంది. తరవాత కిందివాడు అనేది ఛెళ్ళున తగులుతుంది. ఈ సంగీతమంతా ఆ కిందివాడి దెబ్బ మీదే నడుస్తుందండి," అన్నారు సోమయాజులుగారు. అనగానే నాలిక్కరుచుకున్నారు. కానీ మాట దాటిపోయింది.

భుజంగరావుగారు కుర్చీలోంచి లేచారు. ఇన్నాళ్ళకి ఆయనకి సంగీతం అర్థమైంది.

ద్వితీయ ఘాత నిషేధపుటుత్తర్వు ఆ సాయంత్రమే నోటీసు బోర్డెక్కింది. కార్ఖానా ఆవరణలో పాటయందుగాని, చప్పట్లయందుగాని, సుత్తిదెబ్బలయందుగాని, నడకయందుగాని ఎవరును రెండవ దెబ్బను మొదటిదానికన్న గట్టిగా వేయరాదు. వేసినవారి పేర్లను వాచ్ అండ్ వార్డు జమేదారు వ్రాసికొనవలెను. నేరము తీవ్రమైనది. జీతము కోతనుండి తొలగింపు వరకు శిక్ష ఉండవచ్చును. పాటపై విచారణ ముగియువరకు ఎల్లాజీ ఉత్తర్వు సొరుగులోనే ఉంచవలెను.

జమేదారు గురుమూర్తి సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఉత్తర్వు అంటే ఉత్తర్వే, తమాషా కాదు. నోటుబుక్కు తీసుకుని కార్ఖానా షాపులన్నీ తిరిగాడు. కమ్మరి షాపులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి సుత్తులేస్తారు. రెండోవాడు మెత్తగా కొట్టాల్సొచ్చి, రివిట్లన్నీ ఒక పక్కకి వాలిపోయాయి. ఎడమకాలు పొట్టి అయిన ఒక గుమాస్తా నడిస్తే రెండో అడుగు గట్టిగా పడుతుంది. అతను డాక్టరు సర్టిఫికెట్ పెట్టుకుని మినహాయింపు తెచ్చుకున్నాడు. ఆఫీసులో తలుపు తట్టడం మానేశారు. ఒక్కసారి తడితే లోపలివాళ్ళకి వినపడదు, రెండుసార్లు తడితే భయం. అందరూ తలుపు ముందు నిలబడి దగ్గేవారు. దగ్గు కూడా ఒకటే.

ఇంతలో కొత్త మంత్రిగారు వస్తున్నారని తంతి వచ్చింది, జలవిజయకి ఎనిమిదో ప్రారంభోత్సవం చెయ్యడానికి.

ఆరోజు షామియానా వేశారు. కొబ్బరికాయ కొట్టారు. బోటు కింద పట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి, గ్రీజు మద్రాసు నుంచి ఇంకా రాలేదు. కాబట్టి అరవైమంది కలాసీలూ మోకులు పట్టుకున్నారు. ఎల్లాజీ పాట అందించాడు. ఉత్తర్వు ప్రకారమే. అంటే అతను అనేది గట్టిగా, ముఠా ఐలెసా అనేది మెత్తగా. గట్టిగా అన్నవాడే గట్టిగా లాగాలి కనక ఎల్లాజీ ఒక్కడూ లాగాడు. మిగతా అరవైమందీ మోకుని మర్యాదగా పట్టుకుని, గుళ్ళో మంత్రపుష్పం అందుకున్నట్టు "ఐలెసా" అన్నారు. వంద టన్నుల బోటు పాపం ఏం చేస్తుంది, అక్కడే ఉంది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. మంత్రిగారు చేతిగడియారం చూసుకున్నారు.

డైరెక్టరుగారు ఎల్లాజీ దగ్గరికి ఆయనే నడిచొచ్చారు. ఆరేళ్ళలో అది మొదటిసారి. గొంతు తగ్గించి, ఎలాగైనా లాగించమన్నారు. రెండో దెబ్బ లేకుండా బోటు కదలదన్నాడు ఎల్లాజీ. అయితే ఈ ఒక్కసారికీ వెయ్యమన్నారాయన. కాయితం మీద రాసిమ్మన్నాడు ఎల్లాజీ. ఇప్పుడు టైపిస్టు ఎక్కడ దొరుకుతాడయ్యా అన్నారాయన. నా కాయితం టైపయ్యే ఉంది బాబూ అన్నాడు ఎల్లాజీ. ఆయన మొహం జేవురించింది. గిర్రున తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

ఎల్లాజీకి ఒక క్షణం పైడమ్మ మొహం కనపడింది. ఇప్పుడు పాడితే నేరం, పాడకపోతే చేతకానితనం. రెంటికీ శిక్ష ఒకటే. అలాంటప్పుడు పాడి పోవడమే నయం అనుకున్నాడు. సుందర్రావుని క్లారినెట్ తియ్యమన్నాడు.

"జలవిజయ త్వరలో!" అందుకున్నాడు, అసలు వేగంలో.

"బయలుదేరును!" అని అరవైమంది రెండో దెబ్బ మీద లాగారు. బోటు కిర్రుమంది, కదిలింది. వెల్డర్లు ఎక్కణ్ణించొచ్చారో వచ్చి నడుములు తిప్పారు. మంత్రిగారికి హుషారొచ్చింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. అయితే ఆయన ఒకటో దెబ్బ మీద కొట్టారు. ఆయన కొట్టారు కనక డైరెక్టరుగారూ అక్కడే కొట్టారు, ఆఫీసర్లూ అక్కడే కొట్టారు, షామియానా అంతా అక్కడే కొట్టింది. ఇక కలాసీలకి ఏ చప్పుడు పట్టుకోవాలో తెలియలేదు. సగంమంది ఒకటికి లాగారు, సగంమంది రెండుకి. మోకులు వదులయ్యాయి. జలవిజయ పట్టాల మధ్యలో ఆగి, ఒక పక్కకి ఒరిగి, మూలిగింది. అది ఒరిగిన పక్క మోకులు పట్టుకుని ఇరవైమంది మనుషులున్నారు.

ఎల్లాజీ పాట ఆపాడు. తిన్నగా షామియానా కిందకి నడిచి మంత్రిగారి ముందు నిలబడ్డాడు. త్రివిక్రమంగారు కళ్ళు మూసుకున్నారు.

"బాబూ, తమరు ముందే కొట్టేత్తన్నారు," అన్నాడు ఎల్లాజీ.

"ముందేమిటయ్యా, పాటతోనే కొడుతున్నా కదా?"

"పాటతో కాదు బాబూ. ముందు మేం మాటంటాం. అది మీరు ఇనాలి. ఇన్నాక, అప్పుడు కొట్టాలి."

మంత్రిగారు ఎత్తిన చేతులు దించారు. "అంటే మీరు అన్న తరవాత నేనా? ఇరవయ్యేళ్ళ రాజకీయంలో నాకిది కొత్తయ్యా," అని పకపకా నవ్వారు. ఎల్లాజీ ఆయన చెయ్యి పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత పనిచేసి నేర్పాడు. ఒకటి, ఊరుకోండి. రెండు, కొట్టండి. మూడు, ఊరుకోండి. మంత్రిగారికి నాలుగోసారికి పట్టుబడింది. ఆయనకి పట్టుబడగానే డైరెక్టరుగారికీ ఆఫీసర్లకీ అప్పటికప్పుడు పట్టుబడింది. పాట మళ్ళీ లేచింది. నాలుగు వందలమంది చేతులు రెండో దెబ్బ మీద ఒక్కసారి పడితే సముద్రం పక్షులు లేచిపోయాయి. చివరి చరణం మెట్టెక్కేసరికి జలవిజయ నీళ్ళలో ఉంది.

కారెక్కబోతూ మంత్రిగారు, ఆ పాటవాడెవడండీ అని అడిగారు. భుజంగరావుగారు ఒక్క క్షణం తడుముకుని, మా పర్మనెంటు ఉద్యోగి సార్ అన్నారు.

కారు గేటు దాటాక ఆయన తన గదిలో కూలబడ్డారు. మంత్రితో అబద్ధం ఆడారు. ఆ అబద్ధం నిజం కావాలంటే ఎల్లాజీ ఈ పొద్దుటికే పర్మనెంటు అయి ఉండాలి. ఆలోచిస్తూండగానే జమేదారు గురుమూర్తి సెల్యూట్ కొట్టి లోపలికొచ్చాడు. రెండో దెబ్బ గట్టిగా వేసినవాళ్ళ జాబితా బల్ల మీద పెట్టాడు. నాలుగు వందల పన్నెండు పేర్లు, హోదా వరసన, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎల్లాజీ పేరు నాలుగు వందల పన్నెండోది. మొదటిది గౌరవనీయులైన మంత్రివర్యులు. రెండోది డైరెక్టరుగారు.

"మూడోది నేనే సార్," అన్నారు వెనకాలే వచ్చిన త్రివిక్రమంగారు చిన్న గొంతుతో. ఒకే నేరం, ఒకే జాబితా, కాబట్టి ఒకే ఫైలు. చివరి పేరు మీద చర్య తీసుకోవాలంటే మొదటి పేరు నుంచి రావాలి, రూలు అదీ అని కూడా అన్నారు.

ఆ సొరుగు తెరుచుకుంది. కాయితం మీద ముందురోజు తేదీ పడింది, సంతకం పడింది. సాయంత్రం పైడమ్మ దాన్ని తిరగేసి మరగేసి చూసి, చదువు రాకపోయినా ముద్ర మీద వేలు పెట్టి తడిమి, పిల్లలకి చెప్పి దేవుడి పటం వెనక దాచింది. ఆ రాత్రి పులుసులో కారం సరిగ్గా ఉంది.

ఇక్కడితో ఆగితే అది కార్ఖానా ఎందుకవుతుంది. సోమవారం పొద్దున్నే కొత్త ఉత్తర్వు వచ్చింది. గౌరవనీయులైన మంత్రివర్యుల అభిరుచిని పురస్కరించుకొని, ఇకపై ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటలకు సిబ్బంది యావన్మందీ బారులు తీరి, సదరు గీతమునకు రెండవ దెబ్బపై తప్పనిసరిగా చప్పట్లు కొట్టవలెను. మొదటి దెబ్బపై కొట్టినవారి పేర్లు జమేదారు వ్రాసికొనును. ముందు నిలబడి పాడవలసినది సూరాడ ఎల్లాజీ, పర్మనెంటు.

ఎనిమిదింటికి అన్ని షిఫ్టులవాళ్ళూ కలిసి ఎనిమిది వందలమంది ఎండలో బారులు తీరారు. ఎల్లాజీ పాడాడు. వాళ్ళు రెండో దెబ్బ మీద కొట్టారు, సరిగ్గా, ఒక్కరూ తప్పకుండా. ఒక్కరూ నవ్వలేదు. వెల్డర్లు నడుములు తిప్పారు గానీ కవాతు చేస్తున్నట్టుంది. డైరెక్టరుగారు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతూ సంతోషంగా ఉన్నారు. ఆయనొక్కరే.

ఎల్లాజీ రెండో చరణం మధ్యలో గిటారు ఆపాడు, పాట ఆపలేదు. ఆరేళ్ళు వణికిన మనిషి, ఇప్పుడు వణకడానికి ఏమీ లేదు. కాయితం దేవుడి వెనక ఉంది. చేతులు రెండూ పైకెత్తి, ఒకటో దెబ్బ మీద, ఎనిమిది వందలమందికీ వినపడేలా ఛెళ్ళుమని కొట్టాడు.

ఎక్కడో వెనక వరసలో ఒక ఫిట్టరు కిసుక్కుమన్నాడు. తరవాతి దెబ్బకి బారులో సగంమంది ఒకటి మీద కొట్టారు.

గురుమూర్తి నోటుబుక్కు తెరిచి, పెన్సిలు నాలిక్కి రాసుకుని, ఎల్లాజీ దగ్గరికి నడిచొచ్చాడు. ఇంటిపేరుతో సహా చెప్పమన్నాడు.

"సూరాడ ఎల్లాజీ," అన్నాడతను కొడుతూనే. "పక్కన పర్మనెంటు అని కూడా రాసుకో జమేదారూ, మర్సిపోకు."